కళకోసం వాయించేవాడికి పింఛనెందుకు?

"కళ కళకోసమే" అనే వాదాన్ని మనం ఓడించి చాలా ఏళ్లయిందని అనుకుంటున్నాం. సభల్లో ఓడించాం, వ్యాసాల్లో ఓడించాం. కాని అది చచ్చినట్టు కనపడదు. వీధి గుమ్మంలోంచి గెంటితే పెరటి గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నది. ఈసారి అది కవిత్వం జోలికి పోవటం లేదు. వాద్యగాడి కూలిని గురించి మాట్లాడుతున్నది. "ఆయన డబ్బుకోసం వాయిస్తాడా ఏమిటి, కళకోసం వాయిస్తాడు గాని" అంటున్నది. ఈ మాట నేను మొదట విన్నది అమెరికాలో, ఒక కుర్రవాడి నోట. తరువాత అక్కడి పత్రికల్లో చదివాను. దానికి తలకిందుల మాటను, అయినా అదే ఫలితానికి వచ్చే మాటను, ఈ మధ్య మన మిత్రుడే ఒకాయన అన్నాడు. ఈ వ్యాసం ఆయన కోసం రాస్తున్నాను.

2008లో కొన్ని నెలలు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. రిటైరయిన లెక్చరరు అమెరికా వెళితే ఏం చేస్తాడో పాఠకులకు తెలియనిది కాదు: మనవణ్ణి బడికి దింపటం, శనివారం గుడికి పోవటం, ఒకసారి జలపాతం చూసి రావటం. గుడి నాకు పడదు. జలపాతం అయిపోయింది. ఇక మిగిలింది కిటికీలోంచి చూడటం. మా అబ్బాయి స్నేహితుడొకడు, గుంటూరు వైపువాడు, గిటారు నేర్చుకుంటున్నవాడు, నా అవస్థ చూసి, "మాష్టారూ, మీరు తప్పకుండా చూడవలసిన మనిషి ఒకాయన ఉన్నాడు. సోమవారం రాత్రి తీసుకువెళతాను" అన్నాడు.

న్యూయార్కులో బ్రాడ్వే మీద, 51వ వీధి దగ్గర, మెట్లు దిగి నేలమాళిగలోకి పోతే ఇరిడియం అనే జాజ్ క్లబ్బు. ఆ మనిషి లెస్ పాల్. 1915లో పుట్టినవాడు, అప్పటికి తొంభై దాటి మూడేళ్లు. 1984 నుంచి ఫ్యాట్ ట్యూస్‌డేస్ అనే మరొక క్లబ్బులో ప్రతి సోమవారం వాయించి, 1996 నుంచి ఇరిడియంలో వాయిస్తున్నాడు. కీళ్లవాతం వచ్చి వేళ్లు చాలావరకు బిగుసుకుపోయాయి. కుడి మోచెయ్యి 1948లో కారు ప్రమాదంలో నుగ్గయింది. అది ఇక వంగదని తెలిసి, గిటారు పట్టుకోవటానికి వీలయ్యే కోణంలో దాన్ని అతికించమని డాక్టర్లకు చెప్పుకున్నాడట. ఆ చేతులతో వాయించాడు. పాత వేగం లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఏ స్వరం వదిలెయ్యాలో ఆయనకు తెలుసు. మధ్య మధ్య హాస్యాలాడుతూ, పక్కవాద్యగాళ్లను ఆటపట్టిస్తూ, శ్రోతలను ఇంట్లోకి వచ్చిన బంధువుల్లాగా చూశాడు. ఆయన పక్కన లూ పాలో అనే మరొక గిటారిస్టు ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆయనతో వాయిస్తున్నవాడు, ముసలాయన చెయ్యి తడబడినచోట లోటు కనపడకుండా శ్రుతులు నింపుతున్నాడు. నా కళ్లు ఎక్కువసేపు ఈ రెండో మనిషి మీదనే నిలిచాయి.

తిరుగు రైల్లో కుర్రవాడు ఉప్పొంగిపోయి, "చూశారా మాష్టారూ, కళాకారుడికి రిటైర్మెంటు లేదు!" అన్నాడు. నేనూ తల ఊపాను. ఒప్పుకుంటున్నాను, ఆ రాత్రి నాకూ అట్లాగే అనిపించింది. ముప్ఫయి రెండేళ్లు పాఠాలు చెప్పి, పింఛను తీసుకుంటూ, ఆ పింఛను డబ్బులతో విమానమెక్కినవాడు, "రిటైర్మెంటు లేని" మనిషిని చూసి తల ఊపటంలో ఉన్న అపహాస్యం నాకు మర్నాటి దాకా తట్టలేదు. తట్టాక కుర్రవాణ్ణి అడిగాను: "ఆ పక్కన వాయించినవాళ్లకు రాత్రికి ఎంత ముడుతుందోయ్?" అతనికి తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అనుకోలేదు కూడా. గిటారు ధర తెలుసు, తీగల ధర తెలుసు, ప్రవేశ రుసుము తెలుసు, బల్ల దగ్గర కూర్చున్నందుకు తప్పనిసరిగా తాగవలసిన పానీయం ధర తెలుసు. వాయించేవాడి కూలి ఒక్కటి తెలియదు.

2009 ఆగస్టులో లెస్ పాల్ పోయాడు. పత్రికలు కుర్రవాడి మాటనే పెద్ద అక్షరాల్లో వేశాయి. మనిషి గొప్పవాడే, అందులో సందేహం లేదు. గట్టి చెక్కతో విద్యుత్ గిటారు తయారు చెయ్యటంలోనూ, ఒకే మనిషి వాయించిన అనేక వాయింపులను ఒకదానిమీద ఒకటి పేర్చి రికార్డు చెయ్యటంలోనూ ఆయన మొదటివాళ్లలో ఒకడు. కాని ఆయన్ను వాద్యగాళ్లందరికీ ఆదర్శంగా చూపించేవాళ్లు ఒక చిన్న సంగతి మరిచిపోతారు. 1952 నుంచి గిబ్సన్ కంపెనీ ఆయన పేరుతో గిటార్లు అమ్మింది. ప్రపంచంలో ఆ పేరున్న గిటార్లెన్నో లెక్క లేదు. లెస్ పాల్ సోమవారం రాత్రి క్లబ్బుకు వచ్చాడంటే రావాలనిపించి వచ్చాడు, రాకపోయినా పస్తుండడు. తక్కిన ముసలి గిటారిస్టు వస్తున్నది ఇంటద్దె కట్టాలి గనక. ఇద్దరూ ఒకే వేదిక మీద, ఒకే తెల్ల జుట్టుతో కనపడతారు. పత్రికలవాడికి ఇద్దరిలోనూ "వయసును జయించిన కళాతపన" కనపడుతుంది. ఇష్టానికి, గతిలేనితనానికి తేడా చెప్పలేని చూపును ఏమనాలో మన పాఠకులకు నేను నేర్పనక్కర లేదు.

ఇక మన మిత్రుడి సంగతి. ఆయన నాకంటే చదువుకున్నవాడు, ఉద్యమంలో నాకంటే ఎక్కువ కష్టపడ్డవాడు. ఈ మధ్య ఒక సాయంత్రం నలుగురం కూర్చున్నప్పుడు నేను ఈ జాజ్ గొడవ ఎత్తాను. ఆయన చేత్తో ఈగను తోలినట్టు తోలేసి, "తాగుబోతుల బారులో వాయించేవాడికీ, శ్రామికవర్గానికీ ఏమిటండీ సంబంధం? గోర్కీ ఏనాడో తేల్చేశాడు గదా" అన్నాడు.

నిజమే, తేల్చేశాడు. 1928 ఏప్రిల్లో ప్రావ్దాలో గోర్కీ "బలిసినవాళ్ల సంగీతం" అని ఒక వ్యాసం రాశాడు. అప్పుడాయన ఇటలీలో ఉన్నాడు. దగ్గిర్లో ఉన్న హోటల్లోంచి రేడియో మోత వినపడి నిద్ర చెడింది. ఆ కోపమంతా జాజ్ మీద తీర్చుకున్నాడు. "అమ్మ" చదివి పెరిగినవాళ్లం మనం, ఆ పుస్తకం పట్ల నా గౌరవం ఇసుమంత కూడా తగ్గదు. కాని గోర్కీ ఆ రాత్రి విన్నది హోటల్లో డబ్బున్నవాళ్లు ఆడే ఆటకు తోడుగా మోగే రేడియోను. వినేవాణ్ణి చూసి వాయించేవాడి వర్గం నిర్ణయించాడు. ఈ లెక్కన జమీందారు పెళ్లిలో సన్నాయి వాయించినవాడు జమీందారు కావాలి, కల్లుపాకలో పాడినవాడు కల్లు కాంట్రాక్టరు కావాలి. గోర్కీకి నిద్ర చెడటం వల్ల కలిగిన నష్టం అక్కడితో ఆగలేదు. సోవియట్ దేశంలోనే మంచి జాజ్ బృందాలు పుట్టాయి. అయినా 1940ల చివర ఆ సంగీతం మీద వేట సాగింది. ఎడీ రోస్నర్ అనే బృంద నాయకుణ్ణి 1946లో అరెస్టు చేసి కొలీమా శిబిరాలకు పంపారు, 1954లో గాని వదల్లేదు. ఈ సంగతి రాయకుండా గోర్కీని ఉదాహరించటం చరిత్రకు న్యాయం కాదు.

మిత్రుడు గోర్కీతో ఆగకపోతే అడార్నో దాకా పోవచ్చు. 1936లో మారుపేరుతో జాజ్ మీద ఆయన రాసిన వ్యాసానికి ఈనాటికీ యూనివర్సిటీల్లో గిరాకీ ఉన్నది. కాని అదే మార్క్సిజాన్ని నమ్ముకున్న హాబ్స్‌బామ్ పగలు కార్మికోద్యమ చరిత్ర రాస్తూ, రాత్రిళ్లు లండన్ క్లబ్బుల్లో కూర్చుని, ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో పత్రికలో జాజ్ సమీక్షలు రాశాడు. 1959లో దాని మీద పుస్తకమే వేశాడు. ఆ మారుపేరు ఎక్కడిదంటే, ఫ్రాంకీ న్యూటన్ అనే నల్లజాతి ట్రంపెట్ వాద్యగాడిది. అతను కమ్యూనిస్టు. అంటే బారులో వాయించేవాడికీ మనకూ సంబంధం లేదన్న మాట అప్పటికే అబద్ధం. 1938లో బార్నీ జోసెఫ్‌సన్ అనే చెప్పుల దుకాణం గుమాస్తా న్యూయార్కులో కఫే సొసైటీ అని క్లబ్బు పెట్టాడు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ వేదిక మీదనే గాక బల్లల దగ్గర కూడా కలిసి కూర్చోవటం ఆ నగరంలో అప్పటికి అరుదు. ఫ్రాంకీ న్యూటన్ అక్కడే వాయించాడు. అదే ఏడు డిసెంబరులో కార్నెగీ హాల్లో నల్లజాతి సంగీత చరిత్రను సభ్య సమాజం ముందు పెట్టిన కచ్చేరీకి డబ్బు పెట్టింది న్యూ మాసెస్ అనే వామపక్ష పత్రిక. జోసెఫ్‌సన్ అన్న లియోన్ అమెరికా వ్యతిరేక కార్యకలాపాల సంఘం ముందు జవాబు చెప్పనని జైలుకు పోయాడు, పత్రికలు క్లబ్బును చీల్చి చెండాడాయి, క్లబ్బు నిలవలేదు. మిత్రుడు బారు అన్న స్థలాన్ని మెకార్తీ ముఠా మాత్రం బాగానే గుర్తుపట్టింది.

సరే, పేర్లతో వాదం గెలవటం నాకిష్టం లేదు. వాయించే మనిషిని చూద్దాం.

చార్లీ క్రిస్టియన్ ఓక్లహోమా సిటీలో పెరిగాడు. తండ్రికి చూపు పోయింది. కొడుకులు ఆయన్ను నడిపించుకుంటూ వీధుల్లో వాయించి డబ్బు తెచ్చుకునేవాళ్లు. 1939లో ఈ కుర్రవాడు బెనీ గుడ్‌మన్ బృందంలో చేరి, అంతవరకూ తాళం వెయ్యటానికే పనికివచ్చే గిటారుకు విద్యుత్తు తగిలించి, ట్రంపెట్‌తోనూ సాక్సఫోన్‌తోనూ సమానంగా మాట్లాడించాడు. బృందంలో పని అయిపోయాక హార్లెమ్‌లో మింటన్స్ అనే చిన్న క్లబ్బుకు పోయి తెల్లవారేదాకా వాయించేవాడు. రేపటి జాజ్ అక్కడ తయారయింది. ఆ క్లబ్బు పెట్టిన హెన్రీ మింటన్ కూడా వాద్యగాడే. న్యూయార్కు సంగీత కార్మికుల యూనియన్‌లో, దాన్ని 802వ శాఖ అంటారు, మొట్టమొదటి నల్లజాతి ప్రతినిధి. కూలి లేకుండా ఎక్కడబడితే అక్కడ వాయిస్తే ఆ రోజుల్లో యూనియన్ జరిమానా వేసేది. ఆ నియమం కఠినంగా కనపడుతుంది గాని, ఉచితంగా వాయించేవాడు దొరికితే క్లబ్బు యజమాని కూలి ఎందుకిస్తాడు? మింటన్ ఉన్నాడు గనక అక్కడ మాత్రం యూనియన్ చూసీ చూడనట్టు ఊరుకున్నది. ఒక విద్యార్థి యంత్రం తెచ్చి ఆ రాత్రులు రికార్డు చేశాడు. క్రిస్టియన్ చనిపోయాక అవి రికార్డులుగా వచ్చాయి, ఈనాటికీ అమ్ముడవుతున్నాయి. ఆయన 1942 మార్చిలో, క్షయతో, 25 ఏళ్లకు పోయాడు. సొంత ఊళ్లో సమాధి మీద పేరు చెక్కిన రాయి చాలా ఏళ్లపాటు లేదు.

వెస్ మాంట్‌గామరీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఇండియానాపొలిస్‌లో పొద్దున ఏడింటినుంచి మధ్యాహ్నం మూడింటిదాకా రేడియో సామాను ఫ్యాక్టరీలో పని. కాస్త నిద్ర. రాత్రి తొమ్మిదింటినుంచి రెండింటిదాకా టర్ఫ్ బార్‌లో గిటారు. అక్కణ్ణించి మిసైల్ రూమ్ అనే మరో చోట తెల్లవారుజాము అయిదింటిదాకా గిటారు. మళ్లీ ఏడింటికి ఫ్యాక్టరీ. సంసారం పెద్దది. ఇరుగుపొరుగుకు నిద్ర చెడకుండా ఉండాలని రాత్రిళ్లు బొటనవేలితో మెత్తగా మీటి సాధన చేశాడు. ఆ బొటనవేలి నాదమే తరువాత ప్రపంచ ప్రఖ్యాతమయింది. 1959లో కానన్‌బాల్ ఆడర్లీ ఆ ఊళ్లో విని, న్యూయార్కులో రికార్డు కంపెనీకి చెపితేగాని బయటివాళ్లకు తెలియలేదు. 1968లో 45 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. విమర్శకులు బొటనవేలిని గురించి పేజీలు పేజీలు రాశారు. ఆ బొటనవేలు పగలంతా ఏం చేసేదో ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు. రాత్రి గిటారిస్టూ, పగటి కార్మికుడూ ఒకే మనిషి. మిత్రుడు పగటి మనిషి కోసం సమ్మె చేయిస్తాడు, రాత్రి మనిషిని తాగుబోతుల బారుకు వదిలేస్తాడు.

టాల్ ఫార్లో అని ఇంకొకడు. 1950లలో అమెరికాలో అంత వేగంగా, అంత శుద్ధంగా వాయించినవాళ్లు లేరన్నారు. 1958లో క్లబ్బులు వదిలి న్యూజెర్సీలో సముద్రపు ఒడ్డున సీ బ్రైట్ అనే చిన్న ఊళ్లో సైన్‌బోర్డులు రాసుకుంటూ బతికాడు; అప్పుడప్పుడూ దగ్గరి క్లబ్బుల్లో వాయించేవాడు. ఆ పని తనకిష్టమేనని చెప్పుకున్నాడు. ఆయన మాట నమ్ముతాను. బోర్డు రాస్తే, ఆరిన తరువాత డబ్బు చేతిలో పడుతుంది గదా.

ఈ సంగీతం ఎట్లా నడుస్తుందో తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి, లేకపోతే పక్కవాద్యగాడి విషయం అర్థం కాదు. పాటను మొదట అందరూ కలిసి ఒకసారి వాయిస్తారు. దానికి 12 గాని 32 గాని ఆవర్తాల చట్రం ఉంటుంది. ఆ చట్రం తిరుగుతూ ఉండగా ఒక్కొక్కరే తమ మనోధర్మం కొద్దీ కల్పన చేసి, చివరికి మళ్లీ పాట అందుకుంటారు. మన విద్వాంసులు స్వరకల్పన చేసి పల్లవికి వచ్చి వాలినట్టే. ఒకడు కల్పన చేస్తుంటే తక్కినవాళ్లు ఊరుకోరు. కాళ్ల కింద నేల వేస్తూ ఉంటారు. బుర్రకథలో వంతలు లేకపోతే కథకుడి గొంతు ఎంత గొప్పదైనా కథ నడవదు. ఫ్రెడ్డీ గ్రీన్ అనే గిటారిస్టు కౌంట్ బేసీ బృందంలో 1937లో చేరి, 1987లో చనిపోయేదాకా ఇంచుమించు యాభై ఏళ్లు ఈ వంత పనే చేశాడు. ఆవర్తానికి నాలుగు మీట్లు, విద్యుత్తు తగిలించని గిటారు మీద. విడిగా కల్పన చేసిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఆయన చెయ్యి ఆపితే ఆ పెద్ద బృందమంతా గాలిలో వేలాడుతుందని ఆ బృందంలోనివాళ్లే చెప్పారు. చప్పట్లు మాత్రం ముందు నిలబడ్డవాడికి.

కూలి దగ్గర కూడా ఇదే అమరిక. క్లబ్బు యజమాని బృంద నాయకుడితో మాట్లాడుకుంటాడు. నాయకుడికి ఇంత అని ముట్టచెపుతాడు. నాయకుడు పక్కవాద్యగాళ్లకు పంచుతాడు. కాగితం మీద క్లబ్బు ఎవరికీ యజమాని కాదు. వాద్యగాళ్లందరూ "స్వతంత్ర కాంట్రాక్టర్లు". మేస్త్రీ కింద కూలీలు పనిచేసే పద్ధతి మనకు కొత్తది కాదు. తేడా అల్లా, ఇక్కడ మేస్త్రీ కూడా కూలివాడే, పోస్టరు మీద అతని పేరుంటుంది, అంతే. ఏళ్ల తరబడి క్లబ్బుల్లో రాత్రిళ్లు వాయించిన మనిషికి అరవై అయిదో ఏట చూసుకుంటే, తనను ఎన్నడూ ఎవరూ పనిలో పెట్టుకోనట్టు లెక్క తేలుతుంది.

యజమాని లేడు గాని, పోలీసులున్నారు. 1940 నుంచి 1967 దాకా న్యూయార్కులో మద్యం అమ్మేచోట వాయించాలంటే పోలీసుల దగ్గర వేలిముద్రలిచ్చి కార్డు తెచ్చుకోవాలి. అది లాక్కుంటే నగరంలో బతుకుతెరువు పోయినట్టే. థెలోనియస్ మంక్ కార్డు 1951లో పోయి 1957లో గాని తిరిగి రాలేదు. బిల్లీ హాలిడేకు 1947 తరువాత ఆ క్లబ్బుల్లో పాడే వీలే లేకుండా చేశారు. పన్ను వేసేవాళ్లూ ఉన్నారు: 1944లో యుద్ధం పేరుతో వేసిన క్యాబరే పన్ను రద్దు కావటానికి 1965 వచ్చింది. వేలిముద్రలు తీసుకునేటప్పుడూ, పన్ను వసూలు చేసేటప్పుడూ అది పని అని ప్రభుత్వానికి బాగా తెలుసు. పింఛను దగ్గరికి వచ్చేసరికి కళ అయిపోతుంది.

ఇరిడియం మెట్లెక్కి పైకి వస్తే పక్కనే వింటర్ గార్డెన్ అనే నాటకశాల. నేను వెళ్లిన ఏడు అక్కడ "మమ్మా మియా" ఆడుతున్నది. పాతికేళ్ల క్రితపు సినిమా పాటల్లాంటి పాటలతో కట్టిన నాటకం. దాన్ని గురించి నాకేమీ ఫిర్యాదు లేదు, జనం సంతోషంగా బయటికి వస్తున్నారు. ఆ రంగస్థలం ముందు గోతిలో కూర్చుని రోజూ అవే స్వరాలు వాయించే గిటారిస్టుకు యూనియన్ ఒప్పందం ఉన్నది: ఇంత కూలి, పింఛను నిధికి యజమాని వాటా ఇంత, వైద్యానికి ఇంత. పక్క నేలమాళిగలో, ప్రతి రాత్రీ కొత్త స్వరాలు కల్పించేవాడికి ఇవేవీ లేవు. ఇద్దరూ ఒకే 802వ శాఖ సభ్యులు కావచ్చు. ఒకే మనిషి కూడా కావచ్చు: సాయంత్రం గోతిలో, రాత్రి నేలమాళిగలో. రెండు వందల అడుగులు నడిస్తే అతని హక్కులు ఆవిరైపోతాయి.

దీన్ని మార్చాలని 802వ శాఖ పూనుకున్నది. న్యూయార్కు రాష్ట్రం క్లబ్బు టిక్కెట్ల మీద వసూలు చేసే అమ్మకపు పన్ను ఎత్తేస్తే, ఆ మిగిలే డబ్బు వాద్యగాళ్ల పింఛను నిధికి పోవాలనేది వాళ్ల ఆలోచన. యూనియనూ, క్లబ్బులూ కలిసి అడిగాయి. 2007లో పన్ను పోయింది. క్లబ్బులు పింఛను నిధికి కడతామని ఒప్పుకున్నాయని యూనియన్ అంటుంది. అట్లాంటి మాట తామివ్వలేదని క్లబ్బులన్నాయి. చట్టంలో చూస్తే పింఛను అన్న మాట లేదు. డబ్బు క్లబ్బుల దగ్గరే ఉండిపోయింది. సోనీ రోలిన్స్‌తో దశాబ్దాల పాటు బాస్ వాయించిన బాబ్ క్రాన్‌షా, ట్రంపెట్ వాద్యగాడు జిమ్మీ ఓవెన్స్, ఇద్దరూ అప్పటికే వృద్ధులు, ఈ ఉద్యమానికి ముందు నిలబడ్డారు. క్లబ్బుల ముందు కరపత్రాలు పంచారు. లోపలికి పోయే శ్రోతలు తీసుకుని చదివి, లోపలికి పోయారు. క్రాన్‌షా 2016లో పోయాడు.

క్లబ్బులవాళ్ల వాదం కూడా చెప్పాలి. నగరంలో అద్దెలు భరించలేనివి, లాభం స్వల్పం, జాజ్ క్లబ్బు పెట్టినవాడు కోటీశ్వరుడైన దాఖలా లేదు. ఇది చాలావరకు నిజం. అయితే క్లబ్బు పేదరికాన్ని చూసి ఇంటి యజమాని అద్దె తగ్గించటం లేదు, సారాయి కంపెనీ బాకీ వదులుకోవటం లేదు. ఆ పేదరికంలో పాలు పంచుకొమ్మని అడిగేది వాద్యగాణ్ణి ఒక్కణ్ణే. ఎందుకంటే కళకోసం వాయించేవాడు గదా. ఇంకొక ఆక్షేపణ: ఆ పింఛను నిధే గట్టిది కాదు, 2019 చివర పింఛన్లలో కోత పెట్టటానికి అనుమతి అడిగింది. అడిగిన మాట నిజం, 2020లో ఖజానా శాఖ నిరాకరించిన మాటా నిజం. నిధికి డబ్బు కట్టని యజమానులు నిధి బలహీనంగా ఉన్నదని వంక పెట్టటం మాత్రం వింతగా ఉన్నది. వాద్యగాళ్లలోనే కొందరు చేతికి రొక్కం వస్తే చాలనుకున్నారనేది మూడోది. ఇది కూడా నిజమే, ముప్ఫయి ఏళ్ల వయసులో ఎవడూ పింఛను గురించి ఆలోచించడు. నేనూ ఆలోచించలేదు, నా జీతంలోంచి నన్నడక్కుండానే కోశారు.

దానధర్మాలున్నాయి. ముసలి వాద్యగాళ్లకు అద్దె, వైద్యం ఖర్చులు ఇవ్వటానికి 1989లో ఒక సంస్థ పుట్టి ఎందరినో ఆదుకున్నది. డిజీ గిలెస్పీ 1993లో చనిపోతూ, తనకు వైద్యం చేసిన ఆసుపత్రిని, బీమాలేని తోటి వాద్యగాళ్లను చూడమని కోరాడు; చూస్తున్నారు. నేను వీళ్లకు నమస్కారం చేస్తాను. చేసి, ఆ నగరంలో గోతిలో వాయించేవాడు చేయి చాచకుండా మందు కొనుక్కుంటుంటే, నేలమాళిగలో వాయించేవాడు ఎందుకు చాచాలని అడుగుతాను.

2020 మార్చిలో కరోనా వచ్చి క్లబ్బులన్నీ ఒక్క వారంలో మూతపడ్డాయి. నిరుద్యోగ భృతికి పోతే మామూలు చట్టం అడిగే మొదటి ప్రశ్న: నీ యజమాని ఎవడు? జవాబు లేదు. స్వతంత్రంగా పనిచేసేవాళ్లకోసం ప్రత్యేకంగా తాత్కాలిక చట్టం చేస్తేగాని వాళ్లకు ఆ భృతి దక్కలేదు. అది కూడా 2021 సెప్టెంబరుతో ముగిసింది. ఏప్రిల్ 1న బకీ పిజరెల్లి కరోనాతో పోయాడు, 94 ఏళ్లు. ఏడు తీగల గిటారు మీద తొంభైల్లో కూడా క్లబ్బుల్లో వాయించినవాడు. ఆయన జీవితంలో చాలా ఏళ్లు ఒక టెలివిజన్ కంపెనీ వాద్యబృందంలో జీతానికి వాయించాడు. వృద్ధాప్యంలో ఆయన అంత ప్రశాంతంగా ఎట్లా వాయించగలిగాడా అని ఆశ్చర్యపోయినవాళ్లు ఆ జీతాన్ని కూడా కాస్త లెక్కలోకి తీసుకోవాలి.

కుర్రవాడు వాద్యగాణ్ణి కూలికి పైన కూర్చోబెట్టాడు. మిత్రుడు కూలికి కింద పడేశాడు. కరపత్రం పంచుతున్న బాబ్ క్రాన్‌షా ఇద్దరికీ కనపడలేదు. కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. మిత్రుడు మాత్రం యాభై ఏళ్లుగా అదనపు విలువ మీద తరగతులు చెపుతున్నాడు.

నేనేమీ పులుకడిగిన ముత్యాన్ని కాను. కిందటి ఏడు మా ఊళ్లో సాహిత్య సభకు ఒక బుర్రకథ దళాన్ని పిలిచాం. ఆహ్వాన సంఘం కార్యదర్శిని నేనే. గుమ్మెట వాయించిన వంత డెబ్భై దాటినవాడు. రెండు గంటలు ఎగిరి దూకి వాయించాడు. చివర "కళకు అంకితమైన జీవితం" అని ఒక వక్త మెచ్చుకుని శాలువా కప్పాడు. ఆయన శాలువా మడిచి సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చి, "బాబుగారూ, బస్సు చార్జీల సంగతి..." అన్నాడు. ఇచ్చాం. తరువాత లెక్కలు రాస్తుంటే చూశాను: శాలువాకు 450 రూపాయలు, ఆయనకు 300. ఆ పద్దు కింద సంతకం నాది, పక్కన రెండో సంతకం మన మిత్రుడిది.

ఈ ఏటి సభకు ఆహ్వాన సంఘం వచ్చే నెల కూర్చుంటుంది. శాలువాలు తీసేసి, దళంలో ప్రతి మనిషికీ ఆ రోజున తాపీపనివాడికి ఇచ్చే కూలికి తగ్గకుండా ముందే రాసుకుని ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను. మిత్రుడికి అభ్యంతరం ఉంటే అక్కడికే వచ్చి చెప్పమని కోరుతున్నాను.